మిద్దె మీద కరెంటు – 3వ పాఠం: దక్షిణం, వాలు, నీడ

మొదటి పాఠంలో తరగని వనరుల సంగతి చూశాం. రామగిరి గుట్టల మీది గాలిమరలు, శ్రీశైలం నీటి కరెంటు, కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ల పక్కన పరిచిన 1000 మెగావాట్ల సోలార్ పార్కు, అన్నీ మన సీమలోనివే. రెండో పాఠంలో బిల్లులోని యూనిట్లు లెక్కేశాం. వీటన్నిటిలో మన ఇంటికి సులువుగా అందేది ఎండ. అందుకే ఈరోజు మిద్దె ఎక్కుదాం. ఒక కర్ర, సుద్దముక్క, తాడు, టేపు తెచ్చుకోండి.

ముందు దక్షిణం. ఎండను కరెంటుగా మార్చే పలకలు, అంటే సోలార్ ప్యానెళ్లు, చూడాల్సింది అటే. ఫోన్‌లోని దిక్సూచిని నమ్మొద్దు, స్లాబు లోపలి ఇనుప కడ్డీల వల్ల అది తప్పు చూపించొచ్చు. కర్రను నిటారుగా నిలబెట్టి, ఉదయం తొమ్మిదికి నీడ కొస దగ్గర గుర్తు పెట్టండి. కర్ర మొదట్లో తాడు పట్టుకుని, ఆ గుర్తు మీదుగా గుండ్రంగా గీత గీయండి. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య నీడ కొస మళ్లీ ఆ గీతను తాకుతుంది. అక్కడ రెండో గుర్తు. రెండింటినీ కలిపితే అదే తూర్పు పడమరల గీత. రెండో గుర్తు మీ ఎడమచేతి వైపు ఉండేలా ఆ గీత మీద నిలబడితే మీ ముఖం దక్షిణానికి ఉన్నట్టు.

మే, జూన్ నెలల్లో చూసేవాళ్లకు మిట్టమధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది. కంగారు పడొద్దు. ఏప్రిల్ చివర్లో కడప నడినెత్తికి వచ్చిన సూర్యుడు ఆగస్టు మధ్య దాకా కాస్త ఉత్తరానే ఉంటాడు. ఏడాది మొత్తం లెక్కేస్తే మాత్రం దక్షిణమే లాభం.

వాలు సంగతి చిన్నదే. కడప అక్షాంశం దాదాపు 14.5 డిగ్రీలు, ప్యానెల్ వాలూ ఇంచుమించు అంతే ఉండాలి. ప్యానెల్ పొడవులో ప్రతి నాలుగు అడుగులకు వెనక వైపు ఒక అడుగు లేపితే సరిగ్గా ఆ వాలు వస్తుంది. అనంతపురం, కర్నూలు వాళ్లకూ ఈ లెక్క చాలు.

అసలు పాఠం నీడది. ప్యానెల్‌లో సెల్స్, అంటే కరెంటు పుట్టించే చిన్న బిళ్లలు, ఒకదాని వెనక ఒకటి గొలుసులా కలిసి ఉంటాయి. డ్రిప్ పైపును ఒకచోట నొక్కితే దాని తర్వాత ఉన్న మొక్కలన్నీ ఎండిపోతాయి కదా, ఇక్కడా అంతే. అరచేయంత నీడ పడినా ఆ వరుస మొత్తం కరెంటు పడిపోతుంది. మా ఇంట్లో మే నెలలో ప్యానెళ్లు బిగించారు. అప్పుడు ఎక్కడా నీడ లేదు. డిసెంబరు వచ్చేసరికి సూర్యుడు దక్షిణానికి వాలి, నీళ్ల ట్యాంకు నీడ పొద్దున్నే కింది వరుస మీద పడింది. చివరికి ట్యాంకునే జరపాల్సి వచ్చింది. ఆ ఖర్చు మీకు వద్దు. ట్యాంకు గానీ పిట్టగోడ గానీ ప్యానెల్ కింది అంచు కంటే ఎంత ఎత్తుందో కొలిచి, దానికి రెట్టింపు దూరం వదలండి. అప్పుడు డిసెంబరులోనూ తొమ్మిది నుంచి మూడు దాకా నీడ బాధ ఉండదు.

ఈ వారం పని: మిద్దె పటం గీసి, నీడ పడని జాగా ఎన్ని చదరపు అడుగులో రాసి పెట్టుకోండి. ఒక కిలోవాట్‌కు సుమారు వంద కావాలి. నాలుగో పాఠంలో ఆ కాగితం ముందు పెట్టుకునే ప్యానెల్ కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ సైజు తేలుద్దాం.