రాతకు తీరిక – 3వ పాఠం: వాక్యం మధ్యలో లేచిపోండి

పోయిన పాఠంలో వారం రోజుల చిట్టా రాయమన్నాను. రోజులో ఖాళీ ఎక్కడెక్కడ దొరుకుతోందో చూసుకుని ఉంటారు. నాకు దొరకనట్టే మీకూ గంటలు దొరికి ఉండవు, ముక్కలే దొరికి ఉంటాయి. ఇంట్లోవాళ్ళు లేవకముందు ఇరవై నిమిషాలు, భోజనమయ్యాక పదిహేను, ఎవరికోసమో ఎదురుచూస్తూ కూర్చున్న అరగంట. ఈ పాఠం ఆ ముక్కల్లో రాయడం గురించి.

ఇరవై నిమిషాలు కూర్చున్నా పేజీ కదల్లేదంటే అసలు చిక్కు టైము తక్కువ కావడం కాదు. నిన్న ఎక్కడ ఆపామో వెతుక్కోవడానికే సగం పోతుంది. మొన్నటి పేరాలో ఒక మాట నచ్చక దిద్దుతూ కూర్చుంటే ఇంకో నాలుగైదు నిమిషాలు. తీరా ఊపొచ్చేసరికి ఎవరో ఒకరు పిలుస్తారు.

ఆంథొనీ ట్రోలప్ అని 19వ శతాబ్దపు ఇంగ్లిష్ నవలాకారుడు, చాలా ఏళ్ళు తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే రాశాడు. పొద్దున 5.30కి బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 పదాల లెక్కన రాసేవాణ్ణని ఆత్మకథలో చెప్పుకున్నాడు. అందరూ ఆ 250 పట్టుకుని తమను తాము తిట్టుకుంటారు. నాకు పనికొచ్చింది ఆయన చెప్పిన ఇంకో సంగతి. కూర్చునే మూడు గంటల్లో మొదటి అరగంట ముందురోజు రాసింది చదువుకోవడానికే పోయేదట. (నిద్ర లేపి కాఫీ తెచ్చివ్వడానికి ఒక పనిమనిషికి ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు కూడా. మనకు ఆ భాగ్యం లేదు, అలారమే గతి.)

మూడు గంటలున్న మనిషికి అరగంట చదువు చెల్లుతుంది. మనకున్నదే ఇరవై నిమిషాలు. అందుకని ఆ పని ముందురోజే చేసిపెట్టుకోవాలి, ఒక చీటీ రూపంలో.

అలారం ఇరవైకి కాదు, పదిహేడో నిమిషానికి పెట్టుకోండి. మోగగానే ఆపేయండి. వాక్యం మధ్యలో ఉన్నా సరే. నిజానికి మధ్యలో ఉంటేనే మంచిది. మిగిలిన మూడు నిమిషాల్లో కింద ఒక గీత గీసి, తర్వాత ఏం జరగబోతోందో రాయండి. నా నోట్‌బుక్‌లో ఒకరోజు ఇలా ఆపాను:

"తలుపు తీసేసరికి అన్నయ్య గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. చేతిలో పెట్టె లేదు. లోపలికి రమ్మనేలోపే"

గీత కింద చీటీ: "'అమ్మకు చెప్పకు' అంటాడు. ఎందుకో చెప్పడు. కాళ్ళకు చెప్పుల్లేవు, చెల్లెలు అది ఆలస్యంగా గమనించాలి."

మర్నాడు పాత పేజీలు తిరగేయలేదు. అన్నయ్య మాట సిద్ధంగా ఉంది, రాసేశాను. అదే "అన్నయ్య వచ్చే సీను పూర్తి చేయాలి" అని రాసుకుని ఉంటే మళ్ళీ మొదటినుంచీ ఆలోచించాల్సి వచ్చేది. చీటీలో ఒక మాటో, ఒక చేష్టో, ఒక వస్తువో ఉండాలి. ఒకసారి బద్ధకించి "ముగింపు తెలుసు కదా, అదే" అని రాసుకున్నాను. మూడు రోజుల తర్వాత చూస్తే ఏం తెలుసో గుర్తు రాలేదు. ఆ కథ ఇప్పటికీ అక్కడే ఉంది.

చీటీ కాగితం మీదే రాయడం నయం. ఫోన్‌లో రాస్తే, తెరవగానే ముందు మెసేజ్‌లు కనిపిస్తాయి, ఇరవై నిమిషాలూ వాటికే చెల్లిపోతాయి.

ఎన్ని పదాలు రాయాలని అడుగుతారు. కూర్చున్నప్పుడల్లా 100 చాలు. వారానికి ఐదుసార్లయితే ఏడాదికి 26,000. పనులూ జ్వరాలూ ప్రయాణాలూ సగం తినేసినా 13,000 మిగులుతాయి, అంటే నాలుగు పెద్ద కథలు.

ఈ వారం అభ్యాసం: చిట్టాలోంచి ఒకే ఒక ముక్క ఎంచుకోండి, మీకు అన్నిటికంటే తక్కువ అడ్డంకులున్నది. నాలుగు రోజులు కూర్చోండి. దిద్దొద్దు, స్పెల్లింగ్ తప్పు కూడా. ఒకరోజు కుదరకపోతే మర్నాడు రెట్టింపు రాయబోకండి, చీటీ ఉన్నచోటే ఉంటుంది, అక్కడినుంచే మొదలెట్టండి.

దిద్దుబాటు వచ్చే పాఠంలో. దానికి ఈ నాలుగు చీటీలతోనే పని, పారేయకండి.