పాత కారు కొనేముందు ఇవి చూస్కోండ్రి
మన నల్గొండ దిక్కు చానామంది కొత్త కారుకే ఎందుకు పోతున్రంటే పాతదానికి లోన్ వడ్డీ ఎక్కువ పడ్తది, వారంటీ చానాసార్లు అయిపోయి ఉంటది, లోపల ఏముందో అమ్మేటోనికే ఎరుక. అయినా పాతదే కావాలంటే ముందుగాల ఎంపరివాహన్ (బండ్ల వివరాలు చూపే సర్కారు యాప్) ల బండి నంబర్ కొట్టి ఎన్నో ఓనరో, ఇన్సూరెన్స్ నడుస్తుందో లేదో చూడున్రి, చలాన్లు వేరేగ చెక్ చేయాలె. ఆర్సీ మీద ఫైనాన్స్ ఉంటే బ్యాంక్ ఎన్ఓసీ (లోన్ బాకీ లేదన్న కాయిదం), ఫామ్ 35 (ఆర్సీ మీదికెళ్లి లోన్ తీసేసే ఫామ్) కండ్లతోని చూసేదాంక అడ్వాన్స్ కూడా ఇయ్యొద్దు (ఎంత తెలిసినోడైనా సరే). ఫామ్ 29, 30 (బండి పేరు మార్చే ఫామ్‌లు) మీద సంతకాలు అయినంక ఊకోకున్రి, ఆర్టీఏల పేరు మారాలె. మహబూబ్‌నగర్ల కొందరు కర్ణాటకల రాయచూర్ దిక్కు బండి చవక అని తెస్తరు గానీ ఇక్కడ మళ్ల లైఫ్ ట్యాక్స్ (ఒక్కసారే కట్టే రోడ్ ట్యాక్స్) కట్టాలె, అది కలిపి లెక్కేస్కోండ్రి. ఇంజన్ చల్లగున్నప్పుడే స్టార్ట్ చేయించున్రి, మీరు పోయేసరికే అమ్మేటోడు వేడి చేసి పెట్టిండంటే ఏదో లోపం దాస్తుండని డౌటే.