కాలనీ రామనవమి పందిట్లో కచేరీ పెట్టించడం ఎలా?

శ్రీరామనవమికి తాటాకు పందిరి వేసి, పానకం వడపప్పు పంచి, రాత్రికి హరికథో పాటకచేరీయో పెట్టించడం మన ఊళ్లలో పాత అలవాటే. ఇప్పుడు పందిరి పోయి షామియానా, కచేరీ పోయి డీజే వచ్చాయి. మళ్లీ కచేరీ పెట్టాలంటే చందాల గురించి టెన్షన్ పడతారు గానీ, అసలు చూసుకోవాల్సినవి టైమూ, సౌండూ.

1. టైము వెనక నుంచి లెక్కేయండి

నవమి మధ్యాహ్నం అందరూ టీవీలో భద్రాచలం కల్యాణం చూస్తుంటారు కాబట్టి కచేరీ సాయంత్రమే. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. అంటే 9.30కి మంగళం పాడాలి, 7.15కల్లా కచేరీ మొదలవ్వాలి. కాలనీ పిల్లల పాటలు 6 నుంచి 6.45 వరకే. ఒక్క పాపకి ‘ఇంకో పాట’ అని ఒప్పుకున్నారా, మిగతా తల్లులందరూ లైన్లో ఉంటారు! మైకు పర్మిషన్‌కి పోలీస్ స్టేషన్‌లో ముందే అర్జీ పెట్టండి.

2. కళాకారులతో మాట్లాడండి

పెద్ద పేర్లే అక్కర్లేదు. విజయనగరం, విజయవాడ, హైదరాబాద్ సంగీత కళాశాలల్లో నేర్చుకుని చక్కగా పాడేవాళ్లు చాలామంది ఉన్నారు. నవమికి గిరాకీ ఎక్కువ, రెండు నెలల ముందే అడగండి. పారితోషికం, దారి ఖర్చులు మొదటి ఫోన్లోనే తేల్చేయండి. ‘దేవుడి కార్యక్రమం కదా’ అని నసగొద్దు. పక్కవాద్యాలు మీరే కుదిర్చేటట్టయితే గాయకుల శ్రుతి (వాళ్లు పాడే ఆధార స్వరం ఎత్తు, దీన్ని అంకెల్లో చెబుతారు) కనుక్కుని మృదంగం ఆయనకి చెప్పండి. ఒకటి శ్రుతికి బిగించిన మృదంగం ఐదు శ్రుతికి పనికిరాదు.

3. వేదిక, మైకులు

నలుగురు కూర్చోడానికి 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల లోతు, రెండడుగుల ఎత్తు సరిపోతుంది. జంపఖానా పరవండి. గాత్రానికి ఒక మైకు, వయొలిన్‌కి ఒకటి, మృదంగానికి రెండు వైపులా రెండు, ఘటం ఉంటే ఇంకోటి. వాళ్ల పాట వాళ్లకి వినబడేలా మానిటర్ స్పీకర్ తప్పనిసరి.

సౌండ్ అబ్బాయికి పెళ్లి ఆర్కెస్ట్రా అలవాటు. అడక్కుండానే ఎకో పెట్టి, బేస్ పెంచేస్తాడు. ఎకో పూర్తిగా తీయించండి. ఐదింటికి ఎవరిచేతైనా ఒక రామదాసు కీర్తన పాడించి, మీరు చివరి వరసలో కూర్చుని వినండి. సాహిత్యం మాట మాటా తెలియాలి. తెలియకపోతే వాల్యూమ్ పెంచడం కాదు, బేస్ తగ్గించాలి. వేదిక మీద ఫ్యాను గాలి మైకుకి తగిలితే కచేరీ అంతా బుస్సుమంటుంది, పక్కకి తిప్పండి. పదో తరగతి పరీక్షలు ఈ రోజుల్లోనే వస్తాయి. స్పీకర్ల ముఖం జనం వైపే ఉంచండి, ఫ్లాట్ల వైపు వద్దు.

4. ఏం పాడాలి?

అది వాళ్లకే వదలండి. వర్ణం (కచేరీ మొదట్లో పాడేది), ఒక పెద్ద కృతి అయ్యాక రామదాసు కీర్తనలు, త్యాగరాజు దివ్యనామ కీర్తనలు ఎక్కువ పాడమని మాత్రం అడగొచ్చు. పల్లవి జనమూ అందుకుంటారు. తని ఆవర్తనం (పాట ఆపి మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) మొదలవగానే సగం మంది పానకం కోసం లేస్తారు, మృదంగం ఆయన్ని ఇంతకంటే అవమానించలేం. అందుకే పానకం ఏడింటిలోపే పంచేయండి. నూరుమందికి 15 లీటర్లు, అందులోకి మూడు కిలోల బెల్లం, 30 గ్రాముల మిరియాల పొడి, కాస్త యాలకుల పొడి. బెల్లం నీళ్లు వడకట్టాకే పొడులు కలపండి.

5. సన్మానాలు

కార్పొరేటర్ గారు వస్తే కచేరీకి ముందే వేదిక ఎక్కించి దించేయండి. ఆలాపన మధ్యలో ఆపించి శాలువా కప్పడం కంటే అసలు కప్పకపోవడమే మర్యాద. కళాకారులకి తాంబూలంలో కవరు పెట్టి మంగళానికి ముందు ఇవ్వండి, ఐదు నిమిషాల పని. పాడేముందు వాళ్లు సాధారణంగా కడుపునిండా తినరు. పులిహోర గిన్నె ఖాళీ కాకముందే వాళ్లకీ, సౌండ్ అబ్బాయికీ తీసి పక్కన పెట్టండి.