గోదావరి డెల్టాలో మీటప్ పెట్టడం – 3వ పాఠం: రోజు మారకూడదు, ఊరు మారాలి

కిందటి పాఠంలో ఒక లిస్టు రాసుకోమన్నాను కదండీ, మీ చుట్టుపక్కల స్టార్టప్ పెట్టినవాళ్ళు, యూట్యూబ్ ఛానల్ నడిపేవాళ్ళు, ఇన్‌స్టాలో పేజీ పెట్టుకుని చీరలో పూతరేకులో అమ్ముకునేవాళ్ళు, ఇంట్లో కూర్చుని హైదరాబాదు బెంగళూరు కంపెనీలకి పని చేసే సాఫ్ట్‌వేర్ వాళ్ళు, ఇలా ఒక ముప్పై పేర్లు. ఇప్పుడు ఆ లిస్టు ముందు పెట్టుకుని ప్రతి పేరు పక్కన ఊరు రాయండి. రాస్తే ఏం కనిపిస్తుందంటే, ఒక్క ఊళ్ళో అయిదుగురు కూడా ఉండరు. భీమవరం ఇద్దరు, అమలాపురం ముగ్గురు, తణుకు ఒకరు, రామచంద్రపురం ఒకరు, కాకినాడ నలుగురు, అలా చెల్లాచెదురుగా ఉంటారు. వీళ్ళందరూ నెలకోసారి కలుసుకునే మీటప్ పెట్టడమే మన పని, దాని కష్టం మొత్తం ఇక్కడే ఉందండి.

హైదరాబాదులో అయితే ఏదో ఒక కో-వర్కింగ్ ఆఫీసులో పెట్టేస్తారు, మెట్రో ఎక్కి వచ్చేస్తారు. మనకి ధవళేశ్వరం దాటగానే గోదావరి గౌతమి, వసిష్ఠగా చీలిపోతుంది, కింద మళ్ళీ వైనతేయ విడిపోతుంది, మధ్యలో కోనసీమ. తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా అని కాలవల వాళ్ళు ఎప్పుడో విడగొట్టుకున్నారు, మనుషుల రాకపోకలు కూడా దాదాపు అలాగే ఉంటాయి. భీమవరం కుర్రాడికి పాలకొల్లు నర్సాపురం రోజూ తిరిగే దారి, అదే కాకినాడ అంటే ఒక రోజు పని. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు. నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటి మీద, అంటే మనుషుల్నీ బళ్ళనీ దాటించే పడవ మీద, గోదావరి దాటొచ్చు కానీ వరద వచ్చిందంటే పంటి ఆపేస్తారు. దానికి తోడు 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పశ్చిమ గోదావరి, కోనసీమ, తూర్పు గోదావరి, కాకినాడ అంటూ ఆఫీసులు కూడా వేరైపోయాయి, యానాం అయితే అసలు పుదుచ్చేరి కింద ఉంది. కాబట్టి ఏ ఒక్క ఊరినో సెంటర్ అనుకుని అందరినీ అక్కడికే రమ్మంటే మొదటి నెల ఉత్సాహంగా వస్తారు, మూడో నెలకి ఆ ఊరివాళ్ళే మిగులుతారు, అప్పుడది ఆ ఊరి గ్రూపు అవుతుంది తప్ప డెల్టా కమ్యూనిటీ కాదు.

ఈ పాఠంలో మీరు నేర్చుకోవాల్సింది ఒక్కటే. రోజు, టైము ఎప్పటికీ మార్చకండి, ఊరు మాత్రం తిప్పండి.

ముందు రోజు సంగతి. నేను చెప్పేది ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున్న పది నుంచి పన్నెండున్నర. సాయంత్రం ఎందుకు వద్దంటున్నానంటే, సాయంత్రం ఆరింటికి పెడితే ఎనిమిదిన్నరకి అవుతుంది, ఆ టైముకి పల్లెలకి బస్సులు తగ్గిపోతాయి, బండి ఉన్న మగపిల్లలే మిగులుతారు. హాస్టల్లో ఉండే ఆడపిల్లలు రాలేరు, చిన్న పిల్లలున్న తల్లులు రాలేరు, లేసు అల్లకం ఆర్డర్లు చూసుకునే ఆవిడ, ఇంట్లోంచి పచ్చళ్ళు అమ్మే ఆవిడ వీళ్ళెవరూ రాలేరు, నిజానికి సోషల్ మీడియాలో నిజంగా సరుకు అమ్మి డబ్బు చూస్తున్నది వాళ్ళే. ఇక రొయ్యల చెరువులు, చేపల చెరువులున్న వాళ్ళు. నీళ్ళలో ఆక్సిజన్ తెల్లవారుజామునే బాగా పడిపోతుంది, నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆడుతున్నాయా లేదా అని రాత్రంతా ఒక చెవి అటే ఉంటుంది, తెల్లారాక మేత పని చూసుకుని పది గంటలకి కాస్త తెరిపిన పడతారు. పన్నెండున్నరకి కచ్చితంగా వదిలేయండి, ఆదివారం భోజనం ఇంట్లో చేయాలని అందరికీ ఉంటుంది, అది కాదని కూర్చోబెడితే వచ్చే నెల రారు.

జనం తక్కువ వస్తారని తెలిసినా ఆ ఆదివారం మీట్ పెట్టండి, ముగ్గురే వచ్చినా పెట్టండి. పెళ్ళిళ్ళ సీజను ఉందనో పరీక్షలున్నాయనో ఒకసారి వాయిదా వేస్తే రెండోసారి వాయిదా వేయడం చాలా తేలికైపోతుంది. తుఫాను హెచ్చరిక ఉంటే మాత్రం ఆపేయండి, అందులో మొహమాటం వద్దు.

ఇప్పుడు ఊరు. మొదటి ఆరు నెలలకి మూడు ఊళ్ళు చాలు, తూర్పు డెల్టాలో ఒకటి, మధ్య డెల్టాలో ఒకటి, పశ్చిమ డెల్టాలో ఒకటి. ఉదాహరణకి కాకినాడ, అమలాపురం, భీమవరం అనుకోండి, ఒక్కో ఊరికి మూడు నెలలకోసారి వంతు వస్తుంది. వరస ముందే ప్రకటించేయండి, ఆరు నెలల తేదీలు, ఊళ్ళు ఒకే మెసేజ్‌లో. యానాం–ఎదుర్లంక వంతెన ఉంది కాబట్టి కాకినాడ వాళ్ళు అమలాపురం రావడం కష్టం కాదు, దిండి–చించినాడ వంతెన మీంచి పాలకొల్లు వాళ్ళు కూడా రాగలరు, అందుకే అమలాపురం నెలలో జనం ఎక్కువ ఉంటారని అనుకుని పెద్ద గది చూసుకోండి.

రాజమండ్రి ఎందుకు పెట్టలేదని అడుగుతారు. హైవే, రైలు అన్నీ అక్కడున్నాయి, స్టార్టప్‌లకి సాయం చేయడానికి 2025లో మొదలైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ కేంద్రాల్లో ఒకటి రాజమండ్రికి ఇచ్చారు, మెంటార్లు ప్రోగ్రాములు కావాలంటే తప్పకుండా వాడుకోండి. కానీ అన్నీ ఉన్న ఊరు కాబట్టే మొదట్లో అక్కడ పెట్టొద్దంటున్నాను. అక్కడ మొదలుపెడితే మిగతా ఊళ్ళకి కదలడం జరగదు. కింద ఊళ్ళల్లో వేళ్ళు పట్టాక ఏడాదికోసారి అందరినీ రాజమండ్రిలో కలపండి.

అసలు కింద ఊళ్ళల్లో మనుషులున్నారా అనే అనుమానం వద్దు. 2022 మేలో కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేసినప్పుడు, వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్ళు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుంటూ వెళ్ళారు. పక్క వీధిలో ఉంటూ అప్పటిదాకా ఒకరి సంగతి ఒకరికి తెలియని వాళ్ళెంతమందో. ఆ మనుషులు ఇప్పటికీ అక్కడే ఉన్నారు, వాళ్ళని కూర్చోబెట్టే కుర్చీలే లేవు.

ప్రతి ఊరికీ ఒక హోస్ట్ ఉండాలి, ఆ హోస్ట్ మీరు కాకూడదు. ఇది చాలామంది ఒప్పుకోరు, నేనే తిరిగి చూసుకుంటాను అంటారు. మీరు భీమవరం మనిషైతే అమలాపురంలో ఏ గది ఖాళీగా ఉంటుందో, ఎవరికి ఎవరితో పడదో మీకు తెలీదు. హోస్ట్‌కి కంపెనీ ఉండక్కర్లేదు, ఫాలోవర్లు ఉండక్కర్లేదు, ఫోన్ చేస్తే ఎత్తే మనిషి, ఊళ్ళో నలుగురు నమ్మే మనిషి అయితే చాలు. గది, టీ, కుర్చీలు, బస్టాండు నుంచి దారి చెప్పడం అతని పని లేదా ఆవిడ పని.

గది విషయంలో జాగ్రత్త. మన ఊళ్ళల్లో కొన్ని హాళ్ళు ఫలానా కులం వాళ్ళవని, ఫలానా పార్టీ వాళ్ళవని ఊరందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. అక్కడ పెడితే కొందరు రారు, ఎందుకు రాలేదో కూడా చెప్పరు. ఆదివారం ఖాళీగా ఉండే కోచింగ్ సెంటర్, లైబ్రరీ గది, ఎవరిదైనా ఆఫీసు మేడ మీద గది ఇలాంటివి చూడండి. ఇంజినీరింగ్ కాలేజీ సెమినార్ హాలు ఊరికే ఇస్తామంటారు, మొదట్లో తీసుకోకండి, అటెండెన్స్ కోసం రెండొందల మంది పిల్లల్ని కూర్చోబెడతారు, స్టేజీ మీద ప్రిన్సిపాల్ గారు, మైకు, పూలబొకే, ఇంక అది సభ అయిపోతుంది. ఆ కాలేజీ పిల్లల్లో నిజంగా ఏదో తయారు చేస్తున్న ఇద్దర్ని మన గదికి రమ్మనండి, వాళ్ళకి అదే ఎక్కువ మేలు.

వేదిక వద్దు, శాలువాలు వద్దు, ముఖ్య అతిథి వద్దు, ఫ్లెక్సీ వద్దు. కుర్చీలు గుండ్రంగా వేయండి. ఎమ్మెల్యే గారు వస్తారట అని ఎవరైనా అంటే చాలా సంతోషమండి, అందరితో పాటు కుర్చీలో కూర్చుని వినమనండి.

ఇక ఆ రెండున్నర గంటలు ఏం చేయాలి. అమెరికాలో కాన్సాస్ సిటీలో కాఫ్‌మన్ ఫౌండేషన్ వాళ్ళు 2012లో వన్ మిలియన్ కప్స్ అని మొదలుపెట్టారు, కాఫీ తాగుతూ కలుసుకునేది. స్టార్టప్ వాళ్ళు ఆరు నిమిషాలు చెప్తారు, ఇరవై నిమిషాలు ప్రశ్నలు, చివర్లో అందరూ కలిసి ఆ మనిషిని అడిగేది ఒకటే, మేమంతా కలిసి మీకు ఏం చేయగలం అని. ఆ కొలత మనకి బాగా సరిపోతుంది. నేను చేయమనే మార్పు ఒక్కటే, ఇద్దర్ని పెట్టండి, ఒకరు టెక్ వాళ్ళు, ఒకరు సోషల్ మీడియా వాళ్ళు.

ఎందుకో చెప్తాను. టెక్ వాళ్ళ దగ్గర యాప్ ఉంటుంది, వాడే మనుషులు ఉండరు. వీడియోలు చేసేవాళ్ళ దగ్గర మనుషులుంటారు, వాళ్ళని నిలబెట్టుకునే పద్ధతి ఉండదు. కడియం నర్సరీ మొక్కల మీద రీల్స్ చేసే అమ్మాయి అనుకోండి, కామెంట్లలో రేటెంత అని వందల మంది అడుగుతారు, ఆవిడ ఒక్కొక్కరికీ మెసేజ్ పెట్టుకుంటూ కూర్చుంటుంది, సగం ఆర్డర్లు జారిపోతాయి. అదే గదిలో ఆర్డర్ ఫామ్, పేమెంట్ లింకు ఒక్క పూటలో కట్టిచ్చే కుర్రాడు ఉన్నాడు, అతనికేమో తను కట్టింది నలుగురు వాడితే చూసుకోవాలని ఉంది. ఇద్దర్నీ విడివిడి మీట్లకి పంపితే ఇద్దరూ వాళ్ళలాంటి వాళ్ళనే కలిసి ఇంటికి వెళ్తారు. రొయ్యల వైపు కూడా అంతే, వనామీ రొయ్యలకి కౌంట్ రేట్లు, అంటే కిలోకి ఎన్ని తూగితే ఎంత ధరో, చెప్పే ఛానల్ నడిపే ఆయన మాట రైతులు వింటారు, చెరువు నీళ్ళ పరీక్ష పరికరం తయారు చేసేవాడికి ఆయనకంటే మంచి దారి దొరకదు.

అయితే చివరి ప్రశ్నకి జవాబు ఎలా రావాలో ముందే నేర్పాలండి. మాట్లాడే ఇద్దరికీ మూడు రోజుల ముందు ఫోన్ చేసి మీకేం కావాలో ఒక్క వాక్యంలో చెప్పమనండి. "మా స్టార్టప్‌కి మీ సపోర్ట్ కావాలి" అంటే ఒప్పుకోకండి, దానికి అందరూ చప్పట్లు కొడతారు, ఎవరూ ఏమీ చేయరు. "పాలకొల్లు చుట్టూ అయిదెకరాల లోపు చెరువులున్న నలుగురు రైతులతో ఈ వారంలో మాట్లాడాలి" అనాలి. "బండార్లంక చీరలు పార్సిల్ చేయడానికి ఇప్పుడు పెడుతున్న దానికంటే తక్కువలో ఎవరు పంపుతారో కావాలి" అనాలి. అలా అడిగితే గదిలో ఒక చెయ్యి లేస్తుంది. ఆ లేచిన చెయ్యి ఎవరిదో అక్కడికక్కడే రాసుకోండి, పేరు, ఊరు, ఏం ఇస్తానన్నారు, ఎప్పటికల్లా, అంతే.

ఇద్దరి వంతు అయ్యాక మిగతా టైము టీ, ఊరికే కబుర్లు, అక్కడ ప్రోగ్రామేమీ పెట్టకండి. ఫోటోలు వీడియోలు తీసేముందు అడగండి, అడగకుండా ఎవరి నంబరూ గ్రూపులో కలపకండి.

సంక్రాంతి నెల ఒక్కటే ఈ లెక్కకి అదనం. రెండో ఆదివారం మీట్ మామూలుగా పెట్టండి, దానితో పాటు ముక్కనుమ నాడు ఇంకొకటి పెట్టండి. కనుమ రోజు పెట్టకండి, ప్రభల తీర్థాలు, చుట్టాలు, ఎవరూ దొరకరు. ముక్కనుమకి బయట ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఇంకా ఇక్కడే ఉంటారు, తిరుగు బస్సు రాత్రికి ఉంటుంది, పొద్దున్న ఖాళీ. మామూలుగా ఆ రోజు జనవరి 16నో 17నో పడుతుంది, 16 అయితే జాతీయ స్టార్టప్ దినం కూడా. హైదరాబాదులో పెద్ద కంపెనీలో చేసే మన ఊరి మనిషి దగ్గర డబ్బు అడగకండి, నెలకి ఒక గంట ఫోన్లో మాట్లాడతారా అని ఇక్కడి ఒక్క మనిషికి జత చేయండి.

ఈ నెల అభ్యాసం. లిస్టులో ఊళ్ళ వారీగా లెక్క వేసి మూడు ఊళ్ళు ఎంచుకోండి. ఒక్కో ఊళ్ళో హోస్ట్ కాగలిగే ఇద్దరి పేర్లు రాసి, వాళ్ళ ఊరు వెళ్ళి కలవండి, ఫోన్లో కాదు. వాళ్ళతో కలిసి రెండు గదులు చూడండి, బస్టాండు నుంచి నడిచి చూడండి, బాత్రూమ్ ఎలా ఉందో చూడండి, ఆడవాళ్ళు మళ్ళీ రావాలంటే అది ముఖ్యం. ఆరు తేదీలు కాగితం మీద వేసి ముగ్గురు హోస్టులతో ఓకే అనిపించుకున్నాకే మెసేజ్ బయటికి వదలండి.

వచ్చే పాఠంలో రెండు మీట్ల మధ్య ఉండే నాలుగైదు వారాల సంగతి. చెయ్యెత్తిన వాళ్ళు మాట నిలబెట్టుకునేలా ఎవరికి ఎప్పుడు ఫోన్ చేయాలి, ఏం అడగాలి, గ్రూపులో ఏం పెట్టాలి ఏం పెట్టకూడదు అన్నది చూద్దాం. మీ దగ్గర రాసుకున్న చేతుల లిస్టు అప్పటికి సిద్ధంగా ఉంచుకోండి.