జర్నలిజం బోధన – నాలుగో పాఠం: లీడ్ రాయించడం

గత పాఠంలో విద్యార్థుల చేత ఒక సంఘటన వివరాలు రాయించి, ప్రతి వివరం పక్కన అది ఎవరు చెప్పారో కూడా రాయించాం. ఇప్పుడు ఆ పట్టిక ముందు పెట్టుకుని వార్త మొదటి పేరా రాయించాలి. డెస్క్‌లో కొందరు లీడ్ అంటారు, కొందరు ఇంట్రో అంటారు. సిలబస్ దీనికి ఒక్క గంట కేటాయించి ఉండవచ్చు. కొత్తగా డిగ్రీ కాలేజీలో చేరిన అధ్యాపకులకు నా సలహా మాత్రం నాలుగు పీరియడ్లు. ఇది పట్టుబడిన విద్యార్థికి మిగతా వార్త రాయడం పెద్ద కష్టం కాదు.

ముందు ఒక చిక్కు సంగతి చెప్పుకోవాలి. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నలకూ లీడ్‌లో జవాబు ఉండాలని ప్రతి పాఠ్యపుస్తకమూ చెబుతుంది. ఆ సూత్రం ఆంగ్ల వార్తారచనలో పుట్టింది. ఆంగ్ల వాక్యంలో కర్త వెంటనే క్రియ వచ్చేస్తుంది. ఏం జరిగిందో మూడు నాలుగు మాటల్లోనే తెలిసిపోతుంది కాబట్టి, ఆ తర్వాత ఎప్పుడు, ఎక్కడ అని ఎన్ని తగిలించినా పాఠకుడు తట్టుకుంటాడు. తెలుగులో క్రియ చివరన ఉంటుంది. ఆరు జవాబులనూ ఒకే వాక్యంలో పెడితే అవన్నీ కర్తకూ క్రియకూ నడుమ ఇరుక్కుంటాయి. వాక్యం పూర్తయ్యేదాకా ఏం జరిగిందో తెలియదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగం ఏర్పడింది 1954లో. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా తెలుగు వాక్యానికి తగిన లీడ్ పాఠం మనం తరగతిలో గట్టిగా చెప్పడం లేదన్నది నా అభిప్రాయం.

ఇక పనిలోకి దిగుదాం. ఈ వివరాలను బోర్డు మీద రాయండి. ఇవి తరగతి కోసం కల్పించుకున్నవి, ఊరి పేరు అవసరం లేదు.

బుధవారం, మండల కేంద్రంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాల. మధ్యాహ్న భోజనం చేసిన గంటకు 23 మంది విద్యార్థులకు వాంతులయ్యాయి (ప్రధానోపాధ్యాయుడు). అందరినీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లారు. నలుగురిని జిల్లా ఆసుపత్రికి పంపారు, వారి పరిస్థితి నిలకడగా ఉంది (వైద్యాధికారి). మిగతా 19 మంది సాయంత్రానికి ఇళ్లకు వెళ్లారు. అన్నం, పప్పు, తాగునీటి నమూనాలను పరీక్షకు పంపారు, ఫలితాలు రాలేదు (వైద్యాధికారి). పప్పు పుల్లగా ఉందని ఇద్దరు పిల్లలు చెప్పారు.

పదిహేను నిమిషాల్లో లీడ్ రాయమనండి. సూచనలేమీ ఇవ్వకండి. ఎక్కువ కాగితాల్లో ఇలాంటి వాక్యమే కనిపిస్తుంది:

“మండల కేంద్రంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో బుధవారం మధ్యాహ్న భోజనం వికటించడంతో తీవ్ర అస్వస్థతకు గురైన 23 మంది విద్యార్థులను ఉపాధ్యాయులు హుటాహుటిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తరలించగా, వారిలో నలుగురి పరిస్థితి విషమించడంతో మెరుగైన చికిత్స నిమిత్తం జిల్లా ఆసుపత్రికి తరలించిన సంఘటన స్థానికంగా కలకలం రేపింది.”

ఇలా రాసినందుకు విద్యార్థిని తప్పు పట్టవద్దు. చిన్నప్పటి నుంచి చదివిన జిల్లా పేజీల నుంచే ఈ వాక్యం వచ్చింది. 1989లో ఈనాడు జిల్లా సంచికలను మొదలుపెట్టాక మండల స్థాయి వార్తకు రోజూ అచ్చులో చోటు దొరికింది. ఊళ్లలోని విలేకరులు ఎంతో మంది రాయడం నేర్చుకున్నారు. తెలుగు పత్రికారంగానికి అది పెద్ద మేలు. ఆ వేగంలోనే కొన్ని పడికట్టు వాక్యాలు కూడా స్థిరపడ్డాయి. మన తరగతి వాటిని విడదీసి చూడాలి.

విద్యార్థి చేతికి సుద్దముక్క ఇచ్చి, ఆ వాక్యంలోని సమాపక క్రియ కింద గీత గీయమనండి. “రేపింది” దగ్గర గీత పడుతుంది. ఏది రేపింది? సంఘటన. ఏం రేపింది? కలకలం. అంటే వ్యాకరణం ప్రకారం ఈ వాక్యంలోని వార్త కలకలం. వాంతులైన పిల్లలు, ఆసుపత్రిలో ఉన్న నలుగురు, అందరూ విశేషణాల్లో కలిసిపోయారు. ఈ పాఠమంతటికీ ఆయువుపట్టు ఇదే: తెలుగు లీడ్‌లో చివరి క్రియ వార్తను మోయాలి. “చోటు చేసుకుంది”, “వెలుగు చూసింది”, “చర్చనీయాంశమైంది”, “కలకలం రేపింది” వంటివి ఏ వార్త చివరనైనా అతుకుతాయి. అందుకే అవి ఏ వార్తనూ చెప్పవు. “అస్వస్థులయ్యారు”, “కూలింది”, “రద్దు చేసింది”, “గెలిచారు” చెబుతాయి.

తర్వాత రెండో గీత. బోర్డు మీద ఉన్న వివరాల్లో లేనివి లీడ్‌లోకి ఏమేం వచ్చాయో చూడమనండి. తీవ్ర అస్వస్థత అని ఎవరూ చెప్పలేదు. హుటాహుటిన అనీ చెప్పలేదు. నలుగురి పరిస్థితి నిలకడగా ఉందని వైద్యాధికారి చెబితే, విషమించిందని రాశాం. ఆ నలుగురిలో ఒకరి తల్లి ఈ వార్త చదువుతోందనుకుందాం. ఆ ఒక్క మాట ఆమెను ఏం చేస్తుందో తరగతిలో నెమ్మదిగా మాట్లాడండి. ఇక్కడ తొందర వద్దు.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది “వికటించడంతో” అన్న మాట. కారణం తేలలేదు, పరీక్ష ఫలితాలు రాలేదు. తాగునీటి వల్ల కావచ్చు, మరొకటి కావచ్చు. కానీ ఒక్క క్రియారూపంతో వంట చేసిన మహిళల మీద నేరం మోపేశాం. “-డంతో” అనే ప్రత్యయం తెలుగు విలేకరికి కారణాన్ని చాలా చౌకగా అందిస్తుంది. అది కనబడిన ప్రతిచోటా “ఈ కారణం ఎవరు చెప్పారు?” అని మార్జిన్‌లో రాయడం విద్యార్థులకు అలవాటు చేయండి. పప్పు పుల్లగా ఉందన్న పిల్లల మాటను దాచాల్సిన పనిలేదు. అది మూడో పేరాలో, పిల్లల మాటగానే రావాలి.

ఇప్పుడు అందరూ కలిసి తిరగరాయాలి. ఒక పద్ధతి ఇది:

“మండల కేంద్రంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో బుధవారం 23 మంది విద్యార్థులు వాంతులతో అస్వస్థులయ్యారు. వారిలో నలుగురు జిల్లా ఆసుపత్రిలో చికిత్స పొందుతున్నారు, వారి పరిస్థితి నిలకడగా ఉందని వైద్యాధికారి తెలిపారు. మిగతా 19 మంది సాయంత్రానికి ఇళ్లకు చేరుకున్నారు. మధ్యాహ్న భోజనం చేసిన గంటకు వాంతులు మొదలయ్యాయని ప్రధానోపాధ్యాయుడు చెప్పారు. కారణం ఇంకా తేలలేదు.”

అయిదు వాక్యాలు. ఆరు ప్రశ్నల్లో ఒకదానికి జవాబు లేదు, లేదన్న సంగతి కూడా వార్తలో ఉంది. భోజనం ప్రస్తావనను మొదటి వాక్యంలో పెట్టాలా, నాలుగో వాక్యంలో పెట్టాలా అన్నదానిపై తరగతిలో వాదన వస్తుంది. రానివ్వండి. మొదట్లోనే పెడితే కారణం సూచించినట్టవుతుందని ఒకరంటారు, పాఠకుడు ముందు అడిగేది అదేనని మరొకరంటారు. ఇద్దరి మాటలోనూ బలముంది. నేనైతే నాలుగో వాక్యంలోనే పెడతాను.

పదాల వరుస గురించి కూడా ఇక్కడే చెప్పాలి. “నలుగురు జిల్లా ఆసుపత్రిలో ఉన్నారు”, “జిల్లా ఆసుపత్రిలో నలుగురు ఉన్నారు”. రెండింటిలోనూ మాటలు అవే. మొదటిది ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబు, రెండోది ఎందరు అన్నదానికి. మన భాషలో సాధారణంగా క్రియకు ముందున్న మాట మీదే బరువు పడుతుంది. విద్యార్థులను జంటలుగా కూర్చోబెట్టి, ఒకరు ప్రశ్న అడిగితే రెండోవారు ఆ ప్రశ్నకు సరిపోయే వరుసలో వాక్యం చెప్పే అభ్యాసం చేయించండి. గట్టిగా చదివించండి. ఆకాశవాణి తెలుగు వార్తలు వినిపిస్తే ఇంకా మంచిది. విన్న వాక్యాన్ని శ్రోత వెనక్కి తిప్పుకోలేడు కనుక అక్కడ వాక్యాలు పొట్టిగా ఉంటాయి.

చివరి క్రియ పరీక్ష అన్ని వార్తలకూ సరిపోదు. మంత్రి ప్రసంగమో, ప్రతిపక్ష నాయకుడి విలేకరుల సమావేశమో అయితే చివర “అన్నారు” తప్పదు. అక్కడ గీతను “అని”కి ముందున్న క్రియ కిందికి జరపాలి. “ప్రభుత్వం కట్టుబడి ఉందని” అని ఉంటే అందులో వార్త లేదు, ప్రసంగంలో మళ్లీ వెతకమనండి. “వచ్చే నెల నుంచి చెల్లిస్తామని” అంటే ఉంది. అయితే “అన్నారు” బరువుగా ఉందని తీసేయనివ్వకండి. అది తీసేస్తే మంత్రి హామీ కాస్తా పత్రిక ఇచ్చిన హామీ అవుతుంది.

దిద్దడంలో ఒక నియమం పాటించండి. విద్యార్థి వాక్యాన్ని మీరు తిరగరాయకండి. మీ వాక్యం ఎంత బాగున్నా దాన్ని చూసి నేర్చుకునేది తక్కువ. క్రియ కింద ఒక గీత, ఆధారం లేని మాట చుట్టూ ఒక సున్నా, అంతే. కాగితం వెనక్కి ఇచ్చి మళ్లీ రాయమనాలి. నలభై మంది ఉన్న తరగతిలో అన్నీ మీరే చూడలేరు కాబట్టి మొదటి విడత కాగితాలు మార్చుకుని ఒకరివి ఒకరు చూసుకోవాలి, రెండో విడత మీ దగ్గరికి రావాలి. మార్కులు రెండో విడతకే వేయండి.

వచ్చే పాఠానికి ముందు చేయించాల్సిన అభ్యాసం: ప్రతి విద్యార్థీ ఒకే రోజు జిల్లా పేజీల నుంచి పది వార్తలు కత్తిరించి నోటుబుక్కులో అతికించాలి. ప్రతి లీడ్‌లో చివరి క్రియకు గీత, “-డంతో” ఉన్నచోట సున్నా. అన్నింటిలోకీ బలహీనంగా తోచిన రెండింటిని, ఆ వార్తలోనే ఉన్న వివరాలతో, కొత్త వివరం ఏదీ చేర్చకుండా మళ్లీ రాయాలి. అయిదో పాఠంలో “తెలిపారు”, “అంగీకరించారు”, “ఆరోపించారు”, “స్పష్టం చేశారు” అనే నాలుగు క్రియలతో మొదలుపెడదాం. వాటిలో ఏది ఎప్పుడు వాడాలో విద్యార్థులను ముందే రాసుకుని రమ్మనండి.