ఈవీ చార్జింగ్ స్టేషన్‌కు కరెంటు కనెక్షన్: ఎంత లోడ్ అడగాలి, ఎలా దరఖాస్తు చేయాలి

హైవే పక్కన హోటల్ ముందు ఖాళీ స్థలం ఉన్నవాళ్లు చార్జింగ్ స్టేషన్ పెడదామనుకుంటే ముందు చార్జర్ ధర వాకబు చేస్తారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, దరఖాస్తులో కాంట్రాక్టెడ్ లోడ్ (ఒకేసారి గరిష్ఠంగా ఎంత లాగుతామని ఒప్పుకునే లోడ్) అనే గడిలో ఏ అంకె రాయాలన్నది. లైన్ ఖర్చు, ట్రాన్స్‌ఫార్మర్ సైజు, డెవలప్‌మెంట్ చార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ అన్నీ ఆ అంకె మీదే ఆధారపడతాయి.

స్టేషన్ పెట్టడానికి విద్యుత్ లైసెన్సు అక్కర్లేదు. చార్జింగ్ అనేది సేవే తప్ప కరెంటు అమ్మకం కిందికి రాదని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. కావాల్సింది డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కనెక్షన్. ఈవీ చార్జింగ్‌కు టారిఫ్‌లో విడి కేటగిరీ ఉంది కాబట్టి దరఖాస్తులో అదే ఎంచుకోవాలి. ఆ మీటర్ నుంచి హోటల్ ఫ్రిజ్‌కో, షాపు లైట్లకో వైరు లాగితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్‌తో బిల్లు వేస్తారు. హోటల్ మీటర్ హోటల్‌కే, చార్జర్ల మీటర్ చార్జర్లకే.

ఇక లోడ్ లెక్క. సూర్యాపేట దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి మీద ఒక స్టేషన్ అనుకుందాం. 60 కిలోవాట్ల డీసీ చార్జర్లు రెండు, 7.4 కిలోవాట్ల ఏసీ పాయింట్లు మూడు. చార్జర్ల మీద రాసి ఉన్న సామర్థ్యాలు కలిపితే 142. డీసీ చార్జర్ లోపల కొంత కరెంటు వేడిగా పోతుంది కాబట్టి 60 ఇవ్వాలంటే దాదాపు 64 లాగుతుంది. లైట్లు, సీసీ కెమెరాలు, చిన్న గది ఎయిర్ కండిషనర్‌కు ఇంకో 5 వేస్తే మొత్తం 155 కిలోవాట్లు. చాలామంది ఈ అంకెనే రాసేస్తారు. అది అనవసర ఖర్చు.

ఎందుకంటే అన్ని గన్‌లూ ఒకేసారి పూర్తి పవర్ లాగే సమయం రోజులో చాలా తక్కువ. బ్యాటరీ 80 శాతం దాటాక కారు తనంతట తానే కరెంటు తగ్గించుకుంటుంది. అందుకే లోడ్ మేనేజ్‌మెంట్ (మొత్తం లోడ్ ఒక పరిమితి దాటకుండా చార్జర్ల మధ్య పంచే ఏర్పాటు) పెట్టుకోవాలి. మెయిన్ ఇన్‌కమర్ (స్టేషన్‌లోకి కరెంటు వచ్చే ప్రధాన స్విచ్) దగ్గర సీటీలు (కరెంటు కొలిచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు) బిగిస్తే, ఒక కంట్రోలర్ మొత్తం లోడ్ చూస్తూ ఓసీపీపీ (చార్జర్లతో సమాచారం పంచుకునే ప్రామాణిక పద్ధతి) ద్వారా ఒక్కో చార్జర్‌కు పరిమితి చెబుతుంది. పై పరిమితి 100 కిలోవాట్లు పెట్టామనుకోండి. ఇతర లోడ్ 5, ఏసీ పాయింట్లు 22 పోగా డీసీకి 73 మిగులుతుంది. రెండు కార్లు ఒకేసారి వస్తే చెరో 36 చొప్పున తీసుకుంటాయి. ఒకటి నిండుతూ తగ్గేకొద్దీ మిగిలినది రెండోదానికి వెళుతుంది. రద్దీ వేళ కొందరు ఎక్కువ సేపు ఆగాల్సి వస్తుంది, నిజమే. ఆ ఆలస్యాన్ని, ఆదా అయ్యే ఖర్చును పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే అంకె ఖాయం చేయండి.

కంట్రోలర్ కొనేటప్పుడు ఒక్క విషయంలో రాజీ పడొద్దు: ఇంటర్నెట్ పోయినా స్టేషన్‌లోనే పనిచేయాలి. లింకు తెగితే ప్రతి చార్జర్ తక్కువ పరిమితికి దిగిపోయేలా సెట్ చేయించాలి. క్లౌడ్ మీదే ఆధారపడితే, నెట్ పోయిన సాయంత్రం చార్జర్లన్నీ ఫుల్ లోడ్‌కు ఎక్కి, మీటర్‌లో నమోదయ్యే గరిష్ఠ లోడ్ (ఆర్‌ఎండీ) కాంట్రాక్టెడ్ లోడ్‌ను దాటిపోతుంది. ఆర్‌ఎండీ కేవీఏలో నమోదయ్యే చోట పవర్ ఫ్యాక్టర్ (లాగిన కేవీఏలో నిజంగా పనికొచ్చే కిలోవాట్ల వాటా) కూడా చూసుకోవాలి: 0.95 ఉంటే 100 కిలోవాట్లకు 105 కేవీఏ.

దరఖాస్తు మీ ప్రాంత డిస్కం వెబ్‌సైట్‌లో పెట్టవచ్చు. సూర్యాపేట అయితే టీజీఎస్‌పీడీసీఎల్, వరంగల్ వైపు టీజీఎన్‌పీడీసీఎల్, విజయవాడకు ఏపీసీపీడీసీఎల్, విశాఖకు ఏపీఈపీడీసీఎల్, తిరుపతికి ఏపీఎస్‌పీడీసీఎల్. స్థలం పత్రం లేదా లీజు, యజమాని అంగీకార పత్రం, గుర్తింపు కార్డు, పాన్, సైట్ స్కెచ్ సిద్ధంగా ఉంచుకోండి. వీటితో పాటు చార్జర్ల డేటాషీట్లు, సింగిల్ లైన్ డయాగ్రం, లోడ్ మేనేజ్‌మెంట్ పరిమితి చూపే ఒక పేజీ వివరణ జతచేయండి. ఆ పేజీ లేకపోతే డిస్కం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) చార్జర్ల నేమ్‌ప్లేట్లు కూడి 155 రాసుకునే అవకాశం ఉంది.

తర్వాత సైట్ తనిఖీ, ఫీజిబిలిటీ (అంత లోడ్ ఇవ్వగలరా అన్న పరిశీలన), ఎస్టిమేట్, శాంక్షన్. డబ్బు కట్టాక లైన్ పని మొదలవుతుంది. 2024 ఫిబ్రవరిలో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం కొత్త కనెక్షన్ గడువు మెట్రో నగరాల్లో 3 రోజులు, మున్సిపాలిటీల్లో 7, గ్రామాల్లో 15. లైన్ పొడిగించాల్సి వస్తే ఎక్కువ సమయం పడుతుంది. లోడ్ ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) హద్దు దాటితే 11 కేవీ కనెక్షన్ తీసుకోవాలి, అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ మీరే పెట్టుకోవాలి, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ అనుమతి కూడా కావాలి. లోడ్‌ను ఎల్‌టీ హద్దు లోపల ఉంచగలిగితే ఈ పని మొత్తం తప్పుతుంది. దరఖాస్తుకు ముందే ప్రస్తుత టారిఫ్ ఆర్డర్‌లో ఆ హద్దు చూసుకోండి.

అపార్ట్‌మెంట్ వాళ్లకు: ఈవీ చార్జింగ్ కోసం విడి కనెక్షన్ అడిగే హక్కు అదే 2024 సవరణలో వచ్చింది.

మీటర్ బిగించేనాడు లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ టెస్ట్ రిపోర్టు ఇవ్వాలి, ప్రతి పాయింట్‌కు లీకేజీ కరెంటును పట్టే ఆర్‌సీడీ ఉండాలి. ఆపై మూడు నెలలు ఆర్‌ఎండీ గమనించండి. పదేపదే పరిమితి దగ్గరే నిలబడుతూ, కార్లు క్యూ కడుతుంటే అదనపు లోడ్‌కు అదే వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు.