బడి గంట మోగకముందే: ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లల ఆరోగ్య జాగ్రత్తలు

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఆ వేడి నేలలోంచి పూర్తిగా దిగకముందే, మృగశిర కార్తె ప్రవేశించిన నాలుగైదు రోజులకు, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ బడులు తెరుస్తారు. సాధారణంగా జూన్ 12 ప్రాంతంలో వచ్చే ఆ రోజున ఎండ తగ్గి ఉండదు, తొలకరి మాత్రం మొదలై ఉంటుంది. కాబట్టి వడదెబ్బ, విరేచనాలు, జ్వరాలు విడివిడి కాలాల్లో కాకుండా ఒకేసారి పిల్లల మీద పడే అవకాశం ఉంటుంది. వీటికి ఎక్కువగా చిక్కేది 11 నుంచి 14 ఏళ్ల వాళ్లేనని, జీవశాస్త్రం బోధిస్తూ ఎన్నో జూన్ నెలలు చూసిన ఉపాధ్యాయుడిగా నా అభిప్రాయం. అంగన్‌వాడీలో నెలనెలా బరువు తూచే వయసు వీళ్లకు దాటిపోయింది, ఒంట్లో బాగోలేదని తమంతట తాము ఆసుపత్రికి వెళ్లే వయసు రాలేదు. ఐదో తరగతి వరకు ఇంటి పక్కనే చదివిన పిల్లవాడు ఆరో తరగతికి మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాలకో, గురుకులానికో వెళ్తాడు. 'ఇక పెద్దవాడయ్యాడులే' అనుకున్న ఆ నాటి నుంచే ఇంట్లో వాళ్ల కన్ను అతని మీద నుంచి పక్కకు తప్పుకుంటుంది.

అందుకే తల్లిదండ్రులు మొదట గమనించవలసింది నీళ్ల సీసాను. పొద్దున నింపి ఇచ్చిన సీసా సాయంత్రం ముప్పాతిక వంతు నిండుగానే తిరిగి వస్తోందంటే పిల్లకు దాహం వేయలేదని కాదు, బడిలో మరుగుదొడ్డికి వెళ్లడం ఇష్టం లేదని అర్థం. తలుపుకు గడియ లేకనో, బకెట్టులో నీళ్లు లేకనో, విరామంలో వరుస పొడవుగా ఉండటం వల్లనో, ముఖ్యంగా ఆడపిల్లలు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు వరకు మూత్రం బిగబట్టుకుంటారు. బిగబట్టుకోవలసి వస్తుందని ముందే నీళ్లు మానేస్తారు. ఫలితంగా మధ్యాహ్నానికి తలనొప్పి, కళ్లు తిరగడం, మలబద్ధకం, కొన్నాళ్లకు మూత్రంలో మంట, పొత్తికడుపు నొప్పి, చలితో జ్వరం వస్తాయి. ఈ జ్వరాన్ని చాలా ఇళ్లలో 'ఎండ దెబ్బ' అని రెండు మాత్రలతో సరిపెడతారు. మూత్రంలో మంట ఉన్న జ్వరానికి మూత్ర పరీక్ష చేయించి, వైద్యుడు ఇచ్చిన మందు పూర్తి రోజులు వాడాలి. మధ్యలో ఆపితే అది మళ్లీ తిరగబెడుతుంది.

ఈ వయసు పిల్లలకు రోజుకు సుమారు లీటరున్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు అవసరం. ఎండ ఉన్న రోజున, ఆటలున్న రోజున ఇంకా ఎక్కువ కావాలి. మూత్రం లేత రంగులో ఉంటే చాలినంత తాగుతున్నట్టు, ముదురు పసుపుగా ఉంటే చాలనట్టు అని పిల్లలకే చెప్పి గుర్తుపట్టడం నేర్పితే, పెద్దలు పదేపదే అడగవలసిన పని తప్పుతుంది. కేరళలో 2019లో బడి వేళల్లో నీళ్లు తాగడానికి ప్రత్యేకంగా గంట కొట్టే పద్ధతి మొదలైంది, తర్వాత ఇతర రాష్ట్రాల బడులూ దాన్ని అందుకున్నాయి. పద్ధతి మంచిదే గానీ, మరుగుదొడ్డి బాగు చేయకుండా గంట మాత్రం కొడితే పిల్లలు సీసా ఎత్తి పెదవులు తడుపుకుని దించేస్తారు. అందువల్ల బడులు తెరిచే ముందు వారంలోనే విద్యా కమిటీలోని తల్లులు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి గడియలు, కుళాయిలు, మూత ఉన్న చెత్తబుట్ట చూసి రావడం అన్ని జాగ్రత్తల కంటే ముందు చేయవలసిన జాగ్రత్త.

మూత ఉన్న చెత్తబుట్ట ఎందుకంటే, చాలామంది ఆడపిల్లలకు నెలసరి మొదలయ్యేది ఈ తరగతుల్లోనే. మొదటిసారి బడిలోనే వచ్చి, గౌనుకు మరక అంటి, ఏదో జబ్బు చేసిందని భయపడి ఏడ్చిన పిల్లలు ఉన్నారు. ఆరో తరగతిలో చేర్చే ముందే తల్లి గానీ పిన్ని గానీ కూర్చోబెట్టి చెప్పాలి. సంచిలో ఒక ప్యాడు, ఒక జత లోదుస్తులు, పాత కాగితం మడిచి ఒక చిన్న గుడ్డ సంచిలో ఎప్పుడూ ఉంచాలి. ప్యాడును నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చుకోవాలి. బట్ట వాడేవాళ్లు దాన్ని సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. ఎవరూ చూడకూడదని మంచం కింద ఆరేసిన తడి బట్టే చర్మపు దురదలకు, ఇన్‌ఫెక్షన్లకు మూలం. రక్తస్రావం ఏడు రోజులకు మించితే, గంటకో రెండు గంటలకో ప్యాడు తడిసిపోతుంటే అది 'ఒంటి తత్వం' కాదు. వైద్యులకు చూపించి రక్తం శాతం పరీక్షించాలి.

రక్తహీనత ఈ వయసులో మొదలై, ఎవరికీ తెలియకుండా ముదురుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల బాలికల్లో 59 శాతం, బాలురలో 31 శాతం రక్తహీనతతో ఉన్నారు. పదిహేనో ఏట బయటపడిన ఆ లోటు పదకొండో ఏటి నుంచే పోగవుతూ వచ్చినదై ఉండవచ్చు. మెట్లు ఎక్కితే ఆయాసం, చదివింది గుర్తు ఉండకపోవడం, సాయంత్రం ఇంటికి రాగానే పడుకోవడం, సుద్దముక్కో మట్టో తినాలనిపించడం దీని గుర్తులు. వీటిని సోమరితనం కింద జమ కట్టడం అన్యాయం. 12 నుంచి 14 ఏళ్ల పిల్లలకు హిమోగ్లోబిన్ (డెసిలీటరు రక్తంలో) 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత అనే లెక్క.

బడిలో ఆరో తరగతి నుంచి వారానికి ఒకసారి ఇచ్చే నీలి రంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. దాన్ని మధ్యాహ్న భోజనం తర్వాత మింగాలి గానీ ఖాళీ కడుపుతో కాదు. ఖాళీ కడుపుతో మింగి వాంతి చేసుకున్న ఒక్క పిల్లను చూసి తరగతి మొత్తం మాత్రలను కిటికీ బయటకు విసిరేయడం నేను చూశాను. మాత్ర వేసుకున్నాక మలం నల్లగా రావడం సహజమేనని ముందే చెబితే సగం భయాలు తీరతాయి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అందులోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు కాబట్టి భోజనానికి, టీకి మధ్య కనీసం గంట ఎడం ఉండాలి. నిమ్మరసం పిండిన పప్పు, జామకాయ, ఉసిరి వంటివి ఇనుము ఒంటపట్టడానికి తోడ్పడతాయి. ఎర్రగా ఉంది గనుక బీట్‌రూట్ రక్తం పట్టిస్తుందన్న నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉంది. అది తినడంలో తప్పు లేదు గానీ, మునగాకు, తోటకూర, శనగలు, గుడ్డు, మాంసాహారులైతే కాలేయం చేసే పనిని అది చేయలేదు.

ఇనుము ఎంత పోసినా కడుపులో కొంకి పురుగులుంటే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. అవి మలంతో కలుషితమైన మట్టిలోంచి పాదాల చర్మం గుండా లోపలికి చేరి పేగుకు కరుచుకుని రక్తం పీలుస్తాయి. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల నివారణ దినం పేరుతో బడుల్లో ఇచ్చే 400 మిల్లీగ్రాముల అల్బెండజోల్ మాత్రను నమిలి మింగాలి. ఆ రోజు జ్వరంగా ఉంటే ఆపి, తగ్గాక వేయించాలి. కాళ్లకు చెప్పులు లేకుండా పొలం గట్టు దాటి బడికి వచ్చే పిల్లలకు మాత్రతో పాటు చెప్పుల జత కూడా మందే.

పొద్దున ఏడు గంటలకే బస్సు ఎక్కాలని ఏమీ తినకుండా వెళ్లే పిల్లలకు మధ్యాహ్న భోజనమే ఆ రోజు మొదటి భోజనం అవుతుంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆ భోజనంలో 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు ఉండాలన్నది నిబంధన. కానీ అది పొద్దుటి తిండికి బదులుగా ఉద్దేశించినది కాదు. ఇడ్లీ, ఉప్మా చేసే తీరిక లేని ఇళ్లలో రాత్రి అన్నంలో మజ్జిగ పోసి పొద్దున పెట్టే చద్దన్నం, పక్కన గుప్పెడు వేరుశనగలు చాలు. బడి ఎదుట బండి మీద రంగు నీళ్లు, మూత లేని పచ్చళ్లు, కోసి పెట్టిన పళ్లు తినవద్దని వానాకాలం మొదటి నెలలోనైనా గట్టిగా చెప్పాలి. విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తాన్ని ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, రోజంతా కొద్దికొద్దిగా తాగించాలి. గ్లాసుకు చిటికెడు చొప్పున అంచనాగా కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. సీసాల్లో అమ్మే పళ్ల రసాలు దానికి ప్రత్యామ్నాయం కావు.

డెంగీ విషయంలో మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు రాత్రి దోమతెర కట్టి నిశ్చింతగా ఉండటం. ఈ దోమ పగటిపూట, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం వేళల్లో కుడుతుంది, అంటే పిల్లలు బడిలోనో బస్సు కోసం ఎదురు చూస్తూనో ఉన్నప్పుడు. గుడ్డు నుంచి దోమగా మారడానికి దానికి వారం, పది రోజుల నిలవ నీరు సరిపోతుంది. వేసవి సెలవుల్లో మూసి ఉన్న బడిలో పాత టైర్లు, పూలకుండీల పళ్లేలు, మూత లేని నీళ్ల ట్యాంకు, పనిచేయని కూలర్ తొలి వానకు నిండిపోయి ఉంటాయి. తెరిచే ముందు వాటిని వంచేయాలి, ఆ తర్వాత వారానికోసారి మళ్లీ చూడాలి. జ్వరం వచ్చిన పిల్లలకు పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వాడకూడదు. సూది వేస్తేనే జ్వరం దిగుతుందని ఊరి వైద్యుణ్ణి బతిమాలి నొప్పి సూది వేయించడం డెంగీలో రక్తస్రావాన్ని కొనితెచ్చుకోవడమే. పారాసిటమాల్ కూడా వయసును బట్టి కాక, కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన ఇవ్వాలి. 30 కిలోల పిల్లవాడికి 650 మిల్లీగ్రాముల మాత్రలో సగం సరిపోతుంది, దాన్ని ఆరు గంటలకు ముందు మళ్లీ ఇవ్వకూడదు. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగే సమయంలోనే అసలు ప్రమాదం ఉంటుంది. జ్వరం తగ్గింది కదా అని బడికి పంపకుండా, తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, చల్లబడిన చేతులు, మగత, మూత్రం తగ్గిపోవడం వీటిలో ఏది కనిపించినా అదే గంటలో ఆసుపత్రికి తీసుకుపోవాలి.

వీధికుక్క కరిచిన సంగతిని పిల్లలు తిడతారన్న భయంతో దాచిపెట్టడం చాలా ప్రమాదకరం. కరిచినా, గీరినా, పుండు మీద నాకినా వచ్చి చెబితే తిట్టబోమని బడి తెరిచే ముందే మాట ఇవ్వాలి. గాయాన్ని కుళాయి ధార కింద సబ్బుతో పావుగంట పాటు కడగాలి. కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి ఏదీ పెట్టకూడదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ రోజే టీకా మొదలుపెట్టి, వాళ్లు రాసిచ్చిన తేదీలన్నిటికీ వెళ్లాలి. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే సిద్ధ ప్రతిరక్షకాల సూది) కూడా అవసరమవుతుంది కనుక ఆ సంగతి తప్పక అడగాలి. రేబిస్ లక్షణాలు కనబడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

హాస్టల్లో నేల మీద పడుకునే పిల్లలకు వానాకాలంలో కట్లపాముతో ముప్పు ఉంది. అది రాత్రి నిద్రలో కాటు వేస్తే గాటు కనిపించకపోవచ్చు, నొప్పి కూడా ఉండకపోవచ్చు. తెల్లవారుజామున పిల్లవాడు కడుపునొప్పి, వాంతులతో లేచి, కనురెప్పలు వాలిపోతూ, మాట ముద్దగా వస్తుంటే అజీర్తి అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మంచం, దాని కింద దోపిన దోమతెర ఉంటే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది. హాస్టళ్లలో గజ్జి కూడా జూలై నాటికి గదులన్నీ చుడుతుంది. పర్మెత్రిన్ క్రీమును మెడ నుంచి పాదాల వరకు రాత్రి రాసి పొద్దున స్నానం చేయించి, వారం తర్వాత మళ్లీ రాయాలి. గదిలో ఉన్న అందరూ ఒకే రాత్రి రాసుకోకపోతే అది ఒకరి నుంచి మరొకరికి తిరుగుతూనే ఉంటుంది.

సంచి బరువు పిల్లవాడి బరువులో పదో వంతు దాటకూడదని 2020 నాటి కేంద్ర ప్రభుత్వ బడి సంచి విధానం చెబుతోంది. ఇంట్లో తూచి చూస్తే తెలిసిపోతుంది. పదేళ్లకు వేయవలసిన టీడీ టీకా (ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేసేది) వేశారో లేదో కార్డు చూడాలి. బోర్డు మీదిది పక్కవాడి పుస్తకంలో చూసి రాస్తున్నాడని ఉపాధ్యాయుడు చెబితే మందలించే ముందు కళ్లు పరీక్ష చేయించాలి.

ఆదివారం రాని కడుపునొప్పి సోమవారం పొద్దున ఎనిమిదింటికి వస్తుంటే దాన్ని నటన అని కొట్టిపారేయకూడదు. పిల్లవాడికి కలిగే నొప్పి నిజమే, కారణం మాత్రం కడుపులో ఉండదు. మాధ్యమం మారి పాఠం అర్థం కాకపోవడం, బస్సులో పెద్ద తరగతుల పిల్లలు ఏడిపించడం, ఎవరైనా తాకరాని చోట తాకడం, వీటిలో ఏదైనా కావచ్చు. 'ఎందుకు వెళ్లవు' అని నిలదీస్తే జవాబు రాదు. పక్కన కూర్చుని ఏదో పని చేసుకుంటూ 'బస్సులో ఎవరి పక్కన కూర్చుంటావు, అన్నం ఎవరితో తింటావు' అని అడిగితే మెల్లగా బయటికి వస్తుంది. రాత్రి ఫోను చూస్తూ పదకొండు దాటించే పిల్లలకు ఈ దిగులు రెట్టింపవుతుంది. పన్నెండేళ్ల వరకు కనీసం తొమ్మిది గంటల నిద్ర, ఆపైన ఎనిమిది గంటలు ఉండాలి కనుక ఫోను రాత్రి పెద్దల గదిలో ఉండటం మేలు. చచ్చిపోవాలని ఉందన్న మాట పిల్లల నోట వస్తే దాన్ని బెదిరింపుగా తీసుకోకుండా, ఒంటరిగా వదలకుండా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు. వేధింపు ఉందని అనుమానం వస్తే పిల్లల సహాయ సంఖ్య 1098.

చివరగా, ఫిట్స్, ఉబ్బసం, గుండె జబ్బు, మధుమేహం, సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తకణాల జబ్బు) వంటివి ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఆ సంగతిని దాచిపెట్టకుండా, జబ్బు పేరు, వాడే మందు, తమ ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి మొదటి రోజే తరగతి ఉపాధ్యాయుడికి ఇవ్వాలి, నకలు ఒకటి పిల్లవాడి సంచిలో ఉంచాలి. ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా అందులోనే రాయాలి: చేతిలో తాళంచెవులు పెట్టకూడదు, నోట్లో చెంచా దూర్చకూడదు, చుట్టూ గుమిగూడకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి, మెడ దగ్గర గుండీ వదులు చేసి, గడియారం చూడాలి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి.